చామంతి రంగు కర్టెన్లు

మా ముందుగది పది అడుగులకు పన్నెండు. సత్యనారాయణపురంలో రెండు గదుల పాత ఇల్లు మాది. చుట్టాలు వస్తే కూర్చునేది ఆ గదిలోనే, మా ఆయన పడుకునేది అక్కడే, టీవీ, బీరువా అన్నీ అక్కడే. కిందటి ఏడాది ఎండలు తగ్గగానే ఆ గదిని బాగుచెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. గోడ పగలగొట్టలేదు, మేస్త్రీని పిలవలేదు. నా పింఛనులో మిగిలినదానితో నాలుగు రోజుల్లో గది రూపు మార్చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఎవరి కోసం చేశానో ఆ మనిషి మాత్రం చూడలేకపోయారు. ఆయనకు చూపు పోయిందని నాకు తెలిసింది ఆ గది బాగుచేసిన తరవాతే.

నా నోటి సంగతి ముందే చెప్పాలి. ఒక ఎయిడెడ్ స్కూల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పాను. నేను వరండాలో నడుస్తుంటే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా గప్‌చుప్. అక్కడ అరిచి అరిచి, సాయంత్రం ఆ గొంతు నాతోపాటే ఇంటికి వచ్చేది. గిన్నె కింద పెట్టినా కేకే, పైన పెట్టినా కేకే. మా అత్తగారు ఉన్న రోజుల్లో "నోరు మంచిదైతే ఊరు మంచిది తల్లీ" అని గోడకు చెప్పేవారు, నాకు వినపడేట్టు. ఆయన మాత్రం నవ్వి, "పంతులమ్మగారు క్లాసు తీసుకుంటున్నారు, ఎవరూ మాట్లాడకండి" అనేవారు. ఉన్న ఒక్క కూతురూ పెళ్లయి రాజమండ్రి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆ ఎవరూ ఎవరో ఆయనకే తెలియాలి.

ఆయన వన్‌టౌన్‌లో ఒక చీరల కొట్టులో ముప్ఫై అయిదేళ్లు పనిచేశారు. పుట్టింది మంగళగిరిలో, మగ్గాల మధ్య. బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపితే చాలు, ఏ నంబరు నూలో, ఎక్కడ నేశారో చెప్పేసేవారు. అంతకంటే పేరు తెచ్చుకున్నది రంగుల దగ్గర. చీర తెచ్చి దానికి తగ్గ జాకెట్టు గుడ్డ కావాలంటే ఆ కొట్టులో అందరూ ఆయన వైపే చూసేవారు. ట్యూబులైటు కింద ఆయన ఏ రంగూ తేల్చేవారు కాదు. చీరనూ గుడ్డనూ గుమ్మం దాకా పట్టుకుపోయి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి, అప్పుడు తల ఊపేవారు. వక్కపొడి, మిరపపండు, ఉల్లిపొర, పాలపిట్ట, నెమలికంఠం, ఆయన నోట ఆ పేర్లు వింటుంటే నాకే ఇంకో చీర కొనుక్కోవాలనిపించేది. నన్ను చూడ్డానికి పెళ్లిచూపులకు వచ్చినప్పుడు కూడా, అమ్మాయి ఎలా ఉందిరా అని వాళ్లక్క అడిగితే, ఆ చీర రంగుకు ఆ జాకెట్టు నప్పలేదు అన్నారట.

అప్పటికి మూడేళ్ల కిందట ఒకరోజు ఇంటికొచ్చి, ఇక పనిలోకి వెళ్లనన్నారు. కాళ్లు లాగుతున్నాయి, ఎంతసేపని నిలబడతాను అన్నారు. నాకు ఇంకో ఏడాది సర్వీసు ఉంది. సరే, విశ్రాంతి తీసుకోనీ అనుకున్నాను. ఆ తరవాత మనిషి కొంచెం కొంచెంగా ముడుచుకుపోయారు. పేపరు మానేశారు, అడిగితే "అందులో ఏముంది, రోజూ అవే" అనేవారు. సాయంత్రం నడక మానేశారు. టీవీ పెట్టుకుని పేము కుర్చీలో తల వాల్చుకుని వినేవారు. బయటికి రమ్మంటే ఏదో ఒక వంక. కాఫీ గ్లాసు పక్కన ఒలికేది. చొక్కా తిరగేసి తొడుక్కునేవారు. నీళ్లు పోసుకుంటే గ్లాసు నిండి బల్ల మీదికి పారేది. అన్నిటికీ నా దగ్గర ఉన్న మందు ఒక్కటే, కేక. "పరధ్యానం, పరధ్యానం! అరవై రెండేళ్లకే ముసలాడైపోయారు" అని ఎన్నిసార్లు అన్నానో నాకు లెక్క లేదు. ఆయన లేచి గుడ్డ తెచ్చి బల్ల తుడిచేవారు, ఒలికిన చోట కాకుండా పక్కన.

తప్పంతా గదిదేనని నేను తేల్చుకున్నాను. పొద్దస్తమానం అందులో కూర్చున్నవాడికి దిగులు పుట్టక ఏమవుతుంది? గోడలకు పదేళ్ల నాటి నీలం సున్నం, కిందంతా చెమ్మ పట్టి పెచ్చులూడింది. గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో సంచి. కిటికీకి అడ్డంగా బీరువా. గుమ్మాల దగ్గర అడ్డదిడ్డంగా పీటలు. ఫోనులో వీడియోలు చూసి నోట్‌బుక్కులో రాసుకున్నాను: సామాను స్థలం మార్చాలి, అక్కర్లేనివి తీసెయ్యాలి, గోడకు లేత రంగు, కిటికీకి కొత్త తెర, పాత చీరలతో దిండు గలీబులు. రిటైరయ్యాక అంత ఉత్సాహంగా నేను దేనికీ పాఠ్యప్రణాళిక వేసుకోలేదు. ఆయనకు చెప్పకుండా చెయ్యాలి, తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి నోరు తెరవాలి. అదీ నా కోరిక.

ఆయన అక్క, అంటే మా వదినగారు, ఉయ్యూరులో ఉంటారు. వాళ్లకు చిన్న బట్టల కొట్టు ఉంది. మనవరాలి ఓణీల ఫంక్షనుకు రమ్మని ఫోను చేశారు. దొరికింది సందు అనుకున్నాను. నాకు మోకాళ్ల నొప్పులని అబద్ధమాడి, ఆయన్ను ఒక్కరినే వెళ్లి నాలుగు రోజులు ఉండి రమ్మన్నాను.

"ఇద్దరం వెళ్దాం. లేకపోతే వద్దులే" అన్నారు.

"గంట ప్రయాణానికి తోడెందుకండీ, ఒకటో తరగతి పిల్లాడిలాగా!"

"నువ్వు లేకపోతే నాకు తోచదు."

"నేనుంటే మాత్రం ఏం తోస్తోంది? రోజంతా గోడ చూస్తూ కూర్చుంటారు."

ఆయన్ను మర్నాడు పొద్దున బస్టాండులో బస్సెక్కించి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాను. సంచి ఒళ్లో పెట్టాను. నేను దిగబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు. మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని వదల్లేదు. పెయింటరు పదింటికి వస్తానన్నాడు, నాకు ఆ తొందర. "ఏంటండీ ఈ చాదస్తం, జనం చూస్తున్నారు" అని చెయ్యి లాక్కుని దిగిపోయాను. ఇప్పుడు కూడా ఒక్కోసారి అన్నం కలుపుతూ ఆ మణికట్టు చూసుకుంటాను.

నాలుగు రోజులూ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని పనిచేశాను. పెయింటరు మర్యాదస్తుడు. గోడ చూసి, "ఈ మేకులన్నీ ఉంచమంటారామ్మా?" అని అడిగాడు. తొమ్మిది మేకులు. పీకెయ్యమన్నాను. రంధ్రాలన్నీ లప్పం పెట్టి పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, లేత గంధం రంగు వేశాడు. గోడ చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా వచ్చింది. బీరువాను ఇద్దరం తోసి వెనక మూలకు చేర్చాం. మంచం కిటికీ కిందికి వచ్చింది. ఆయన పేము కుర్చీ ఎప్పుడూ గుమ్మానికి ఎడమ పక్కన ఉండేది; దాన్ని తీసుకెళ్లి కిటికీకి అవతల వేశాను, వెలుతురులో పేపరు చదువుకుంటారని. వంటింటి గుమ్మం పక్కన ఒక ముక్కాలిపీట ఉండేది. అదక్కడ ఎందుకండీ, కాళ్లకు తగులుతుంది అని వందసార్లు అడిగాను, ఉండనీ అనేవారు. దాన్ని అటక ఎక్కించాను.

ఆయన మందుల అర కూడా సర్దాను. షుగరు మాత్రల సీసాకు ఒక రబ్బరు బ్యాండు, బీపీ మాత్రలకు రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి. కొట్టులో పనిచేసిన అలవాటు, రబ్బరు బ్యాండ్లు కూడా పారెయ్యరు, పిసినారి మనిషి అని నవ్వుకున్నాను. అన్నీ తీసేసి, మాత్రలను కొత్త ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన అందంగా చీటీలు రాసి అంటించాను.

కర్టెన్ల కోసం మూడో రోజు మంగళగిరి వెళ్లాను. సాయంత్రం ఎండ పడే కిటికీకి నెమలికంఠం రంగు తెర వెయ్యాలని ఆయన ఎన్నేళ్లుగానో అంటున్నారు. నేత ఇంటి ముందు గదిలోనే అమ్ముతారు. తానులు పరిచిన ఆవిడ, "ఆ రంగు అయిపోయిందమ్మా, మళ్లీ పడుగు వెయ్యాలి. ఈ చామంతి చూడండి, గది వెలిగిపోద్ది" అంది. నిజంగానే వెలుగుతోంది. అంచు కూడా ఆయనకు ఇష్టమైన నిజాం అంచు. కొనుక్కొచ్చి ఆ రాత్రే మిషను మీద కుట్టి తగిలించాను. పొద్దున్నే కిటికీ తెరిచేసరికి గదంతా పసుపు ఆరబోసినట్టుంది. నేను ఒక్కదాన్నే గుమ్మంలో నిలబడి మురిసిపోయాను.

అయిదో రోజు పది గంటలకు ఆటో ఆగింది. ఆయనతోపాటు వదినగారు కూడా దిగారు. ఆవిడ వస్తున్నట్టు నాకు చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని దింపారు. నేను దాన్ని అక్కాతమ్ముళ్ల ప్రేమ అనుకున్నాను.

ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి, సంచి తగిలించడానికి గోడ మీద కుడిచెయ్యి పెట్టారు. మేకు లేదు. చెయ్యి పైకీ కిందికీ వెళ్లింది. సంచి జారి కిందపడి, ఉయ్యూరు బెల్లం అచ్చులు రెండు దొర్లుకుంటూ మంచం కిందికి పోయాయి.

"మేకులన్నీ పీకించేశాను. ఎలా ఉంది మన గది?" అన్నాను.

ఆయన గాలి పీల్చారు. "రంగులేయించావా! చాలా బాగుంది."

"చూడకుండానే బాగుందంటారేంటి? అటు చూడండి, కిటికీ."

ఆయన నెమ్మదిగా రెండు చేతులూ కొంచెం ముందుకు పెట్టుకుని నడిచారు. మంచం మోకాలికి తగిలింది, దాని అంచు పట్టుకుని కిటికీ దాకా వెళ్లారు. కర్టెను చేతికి తగలగానే ముఖం విప్పారింది. గుడ్డను వేళ్ల మధ్య నలిపారు. చెయ్యి కిందికి జార్చి అంచు తడిమారు. "మంగళగిరి. ఎనభయ్యో నంబరు నూలు. నిజాం అంచు. మగ్గం మీద పోటు ఎంత సమంగా పడిందో" అన్నారు. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. ఆయన నా వైపు తిరిగి నవ్వారు.

"నెమలికంఠమే తెచ్చావుగా! ఇన్నాళ్లకి నా మాట విన్నావు."

నేను పగలబడి నవ్వాను. "చామంతి పువ్వు లాంటి పసుపు పట్టుకుని నెమలికంఠం అంటారా? ఇదేం వేళాకోళం?"

వదినగారు నవ్వలేదు. ఆయన కర్టెను వదల్లేదు. "కాదా?" అన్నారు, చిన్నగా. వెనక్కి తిరిగి, గుమ్మం వైపు నాలుగడుగులు వేసి, ఎడమ పక్కకు మళ్లి, కూర్చున్నారు. ఎప్పుడూ కుర్చీ ఉండే చోటే కూర్చున్నారు. అక్కడ కుర్చీ లేదు.

పడ్డ చప్పుడుకు పక్కింటివాళ్లు కూడా తొంగిచూశారు. వదినగారు పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకుని నా మీద విరుచుకుపడ్డారు.

"నీకు తెలవకుండా ఎట్టా ఉందే అమ్మాయ్? నా ఇంటికొచ్చిన పూటే నాకు తెలిసిపోయింది. విస్తట్లో కూరేదో పచ్చడేదో వేలితో తడుముకుంటన్నాడు. నువ్వు ఒక్కడినీ బస్సెక్కించి తోలితే ఎవరో ఉయ్యూరొచ్చిందంటే నమ్మి, ముందే కంకిపాట్లో దిగిపోయాడంట. రోడ్డు మీద గంటసేపు నిలబడ్డాడంట, వచ్చే బస్సు బోర్డు కనపడక! నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఒకే ఇంట్లో ఉంటన్నారు, ఒకే కంచం దగ్గర తింటన్నారు..."

"ఊరుకో అక్కయ్యా" అన్నారు ఆయన కింద నుంచే.

నేను ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను. బళ్లో పిల్లలకు చేసినట్టు చెయ్యి ఎత్తి వేళ్లు చూపిద్దామనుకున్నాను. "ఇవి ఎన్నండీ?" అని అడిగాను.

"పరీక్ష పెట్టకుండా ఉండవు కదా" అని నవ్వి, కాసేపు ఆలోచించి, "మూడు" అన్నారు.

నా చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. ఎత్తలేకపోయాను.

నా సర్వీసులో ఎంతమంది పిల్లలకు కళ్లద్దాలు పెట్టించానో! ఎవడైనా పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకున్నా, నల్లబల్ల మీది అక్షరం పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకున్నా, ఆ సాయంత్రమే తండ్రికి చీటీ వెళ్లేది. "ముందు డాక్టరుకు చూపించండి, తరవాత మార్కుల గురించి మాట్లాడుకుందాం" అని తల్లుల మీద కేకలేసేదాన్ని. ఆ మాటకొస్తే నేను రిటైరయ్యాక జుట్టుకు రంగు వేసుకోవడం మానేశాను. ఆరు నెలల్లో తల ముగ్గుబుట్ట అయింది. రంగుల మనిషి, ఒక్క మాటైనా అంటారని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. ముందు అలిగాను, తరవాత ఆయనది పెద్ద మనసనుకుని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన నా తెల్లజుట్టు చూడనే లేదు.

మర్నాడే కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాను. చీకటి గదిలో యంత్రాల దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు. షుగర్ ఎన్నేళ్ల నుంచని అడిగింది. పదిహేనేళ్లన్నాను. నోట్‌బుక్కు తీసి చూపించాను, ప్రతి నెలా పరీక్ష, తేదీలతో సహా ఎర్ర సిరాతో రాసిపెట్టాను. ఆవిడ పేజీలు తిప్పి, "ఇంత శ్రద్ధగా రాశారు కదమ్మా, ఏడాదికోసారి కళ్లు చూపించమని ఎవరూ చెప్పలేదా?" అంది. చెప్పారు. ఆయన్ను చూపించుకుని రమ్మని పంపాను కూడా. వెళ్లొచ్చాను, బాగానే ఉన్నాయన్నారని ఆయన చెప్పారు. నేను దాన్నీ ఎర్ర సిరాతో రాసుకున్నాను.

కంటి వెనక పొరలో నరాలు చిట్లి నెత్తురు కమ్మిందట. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో ఒక పక్కన కొంచెం వెలుతురు, కదలిక మిగిలాయి. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే లేజరు చేసి చాలావరకు కాపాడేవాళ్లం, ఇప్పుడు ఇంజెక్షన్లతో ఆ మిగిలినదాన్ని నిలబెట్టుకోవడమే అని చెప్పింది డాక్టరమ్మ. అది ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగితే, చూద్దామమ్మా అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని పిల్లలకు సొంతవాక్యం రాయించేదాన్ని. నేను రాయాల్సిన వాక్యం ఇదన్నమాట.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చోబెట్టాక అడిగాను, నాకెందుకు చెప్పలేదని. అప్పుడు చెప్పారు. ఆ కొట్టులో ఆఖరి రోజుల్లో ఒక పెళ్లివారు మిరపపండు రంగు పట్టుచీర తెచ్చారట. గుమ్మంలో పెట్టి చూశారు. ఈయనకు సరిపోయినట్టే అనిపించి గుడ్డ కోసిచ్చారు. కోసిచ్చిన గుడ్డ వక్కపొడి రంగుది. మర్నాడు ఆ తల్లి వచ్చి గొడవ చెయ్యలేదట, "మీరే పొరపాటు పడ్డారంటే నాకే నమ్మబుద్ధి కాలేదండీ" అని మాత్రం అందట. ఆ సాయంత్రమే ఆయన పని మానుకున్నారు. కాళ్ల నొప్పులు ఎన్నడూ లేవు.

"అది కొట్టు సంగతి. నాతో చెప్పడానికేం?"

ఆయన పక్క దుప్పటి అంచు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నారు.

"తిడతావని" అన్నారు.

అంతే. కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు. మా బళ్లో హోంవర్కు చెయ్యని పిల్లాడు చెప్పినట్టే చెప్పారు. "ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. పొద్దున్నే ఏదో ఒకటి ఒలికేది. నువ్వు అరిచేదానివి. ఇప్పుడే వద్దులే అనిపించేది. అట్టా జరిగిపోయింది."

ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి నాకు భయపడి రెండు కళ్లు పోగొట్టుకున్నారు. ఆ మాట ఎలా మార్చి చెప్పుకున్నా అదే అర్థం వస్తుంది. నాకు అప్పుడు ఏడుపు కూడా రాలేదు. వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఏమీ లేకుండా మంట వెలిగించి నిలబడ్డాను.

తరవాత రెండు రోజులూ ఆయనా నేనూ గదిని మళ్లీ పాత పద్ధతిలోకి తెచ్చుకున్నాం. అప్పుడు తెలిసింది ఆ గది ఏమిటో. సంచి మేకు గుమ్మం నుంచి మూర దూరం. తువ్వాలు మేకు దాని పక్కన జానెడు. ముక్కాలిపీట మోకాలికి తగిలితే వంటింటి గుమ్మం వచ్చినట్టు. కుర్చీ నుంచి బీరువా దాకా మూడడుగులు, బీరువా చల్లగా తగిలితే మంచానికి కుడి పక్కకు తిరగాలి. నేను పనికిమాలిన సామాను అనుకున్న ప్రతిదీ ఆయన ఏర్పాటు చేసుకున్న గుర్తే. మూడేళ్లపాటు, నాకు తెలియకుండా, నా కళ్ల ముందే. నేను సుత్తి పట్టుకుని స్టూలు ఎక్కాను. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ. కాదు, ఇంకో వేలెడు పైకి" అని చెబుతుంటే కొత్త గంధం రంగులోకి తొమ్మిది మేకులూ కొట్టాను. లప్పం పొడి రాలి నా కళ్లలో పడింది. రబ్బరు బ్యాండ్లు చెత్తబుట్టలోంచి ఏరడానికి లేదు, బండి వచ్చి తీసుకుపోయింది. కొత్తవి కొన్నాను. ఒకటి షుగరుకి, రెండు బీపీకి.

కర్టెన్లు మాత్రం తీయనివ్వలేదు. ఒకటి విప్పి ఇమ్మని అడిగి, నా భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిచారు. ఎండలో దాన్ని కుడి కన్ను పక్కకు తెచ్చి, తల వంచి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముద్దచామంతా? సీతమ్మవారి చామంతా?"

"ముద్దచామంతి."

"పసుపని తెలుస్తోంది" అన్నారు. తెలిసిందో, నా మనసు కోసం అన్నారో నాకు తెలియదు. మూడేళ్లు నన్ను నమ్మించిన మనిషి ఆయన. నేను మళ్లీ అడగలేదు.

ఆ రోజు నుంచి నేను నోరు మూసుకున్నాను. ఒట్టు పెట్టుకోలేదు, గొంతు పైకి రావడం దానంతటదే ఆగిపోయింది. అడుగు చప్పుడు కాకుండా తిరిగేదాన్ని. గ్లాసు ఒలికితే మాట్లాడకుండా తుడిచేదాన్ని. చొక్కా తిరగబడి ఉంటే నెమ్మదిగా సరిచేసేదాన్ని. పనంతా ముగించుకుని ఎదురుగా కూర్చుని, ఆయన్ను చూస్తూ ఉండేదాన్ని. ఎన్నాళ్లకో మంచిదాన్నయ్యానని నాలో నేను అనుకున్నాను కూడా. నెల తిరిగాక రెండో ఇంజెక్షను వేయించుకుని వచ్చాం. ఆ సాయంత్రం ఆయన కుర్చీలో కూర్చుని తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి చెవి ఒగ్గుతున్నారు. "ఏవే, ఉన్నావా?" అని పిలిచారు. నేను రెండడుగుల దూరంలో, మంచం మీదే ఉన్నాను. "ఉన్నానండీ" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. తరవాత చెయ్యి గాల్లో చాపి, "ఇక్కడే ఉన్నావా" అన్నారు. "వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో నువ్వు ఉన్నావో లేవో తెలియట్లా. ఇదివరకు నయం. వంటింట్లో అరిస్తే వంటింట్లో ఉన్నావని, పెరట్లో అరిస్తే పెరట్లో ఉన్నావని తెలిసేది. ఇప్పుడు ఎటు తిరిగి మాట్లాడాలో కూడా తెలియట్లా. నీకు పుణ్యముంటది, ఏదో ఒకటి అరుస్తా ఉండు."

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద కాఫీ గిన్నె ఉంది. దాన్ని చప్పుడయ్యేట్టు పెట్టాను. గొంతు సవరించుకున్నాను. మొదటి మాట రాలేదు. రెండోసారి ప్రయత్నించాను.

"ఈ ఇంట్లో ఫిల్టరు మూత పెట్టిన చోట ఉండదు! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది..."

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. తలుపు సందులోంచి చూశాను. ఆయన ముఖం సరిగ్గా వంటింటి వైపు, నా వైపు తిరిగి ఉంది. మూతా గిన్నే పంచదారా అన్నిటినీ పేరుపేరునా తిడుతూ, ఏడుపు బయటికి వినపడకుండా, నేను అరుస్తూనే ఉన్నాను.